కడిగిన చేతులు

భవాని పేట్, సోలాపూర్
12 జులై 1992

యమునా,

దీవెనలు ముందు, తిట్లు తరువాత.

నీ కంపెనీవాళ్లు వచ్చి వెళ్లారు. ముగ్గురు మనుషులు, ఒక వీడియో కెమెరా, పెళ్లిపందిట్లో పెట్టేటన్ని లైట్లు. వాళ్లతో నువ్వూ వస్తావని తెల్లవారకముందే లేచి శెనగపప్పు రుబ్బి పోలెలు చేశాను. జీపులోంచి నువ్వు దిగలేదు. అడిగితే, మేడమ్‌కు సెమినార్ ఉందన్నారు. నా చేత జడ వేయించుకుని బడికి పోయిన పిల్ల మేడమ్ ఎప్పుడైందో నాకు చెప్పినవాళ్లే లేరు. నీ వాటా పోలెలు కూడా వాళ్లే తిన్నారు. బాధపడు.

నువ్వు అడిగినట్టే పోగులు అతికే ఆడవాళ్లందరినీ మన ముందుగదిలో మగ్గం దగ్గర కూర్చోబెట్టాను. ఊరికే వచ్చారనుకోకు, ఇల్లిల్లూ తిరిగి బతిమాలాను. అయిపోయిన పడుగు చివరకు కొత్త పడుగు పోగులు మెలిపెట్టడంలో వీడియో తీసేంత ఏముందని అందరికీ అనుమానమే. గంగమ్మ అత్త ఊ అంటేనే మిగతావాళ్లు ఊ అంటారని నీకు తెలుసు కదా. ఆమె నన్ను కూర్చోబెట్టి అడిగింది. “ఏందే బాలమణీ, మన యమున గీ మరచెయ్యి ఎవలికోసం జేస్తున్నది? చేతుల్లేనోళ్లకా?”

“ఔ అత్తా, గందుకే. మన చేతులు జూసి అది నేర్సుకుంటదట” అన్నాను.

ఆమె కొడుకుకు మగ్గంలో పడి రెండు వేళ్లు పోయాయి. వాడే గుర్తొచ్చాడేమో. “అట్లయితే వస్త” అంది. నేను సరిగానే చెప్పాను కదా? కంపెనీ డబ్బు ఇస్తుంది, కాలేజీ డాక్టరు పట్టా ఇస్తుంది, పిల్ల మరచెయ్యి చేస్తుంది అన్నంత వరకే నాకు తెలుసు. సూది వేసే డాక్టరు కాదని చెప్పి చెప్పి ఇప్పటికే నా నోరు నొప్పి పుట్టింది.

ఇంటికి మొదటిసారి వచ్చిన పెద్దమనుషుల ముందు బూడిద చేతులతో కూర్చుంటామా? అందరి చేతా సబ్బుతో చేతులు కడిగించాను. గాజులు సర్దించాను. బూడిద పళ్లెం నేనే మగ్గం కిందికి, గోనెసంచి వెనక్కి తోశాను. వేళ్లకు బూడిద లేకపోతే పోగు ఒక్క మెలికకు నిలవదు కదా. జారుతూనే ఉంది. మళ్లీ మళ్లీ మెలిపెట్టారు కానీ ఒక్కతీ నోరెత్తలేదు. మెల్లగా, గాజులు చప్పుడు కాకుండా, అందంగా చేశారు. చూస్తే నీకే ముచ్చటేస్తుంది.

మీ అన్న రాజారాం ఆ రోజంతా మగ్గాలు ఆపి గుమ్మంలో నిలబడి, వచ్చేపోయే వాళ్లకు “మా చెల్లె కంపెనీ” అని చెప్పుకున్నాడు. ఆయన మాట వింటే కంపెనీ నీదే.

జవాబు రాయి. మాట్లాడేది ఎట్లున్నా, రాసేటప్పుడు మా తెలుగు బడి పంతులు నేర్పినట్టు నిండుగా రాస్తాను నేను. నువ్వు రెండు ముక్కలు రాసి ముగిస్తే ఆ కాగితం తిరిగి పంపిస్తాను.

నీ వదిన
బాలమణి


రీసెర్చ్ హాస్టల్, పుణె
3 ఆగస్టు 1992

వదినా,

నా వాటా పోలెలు తిన్న ఆ ముగ్గురినీ రోజూ ల్యాబ్‌లో చూస్తున్నాను. ఒక్కడి ముఖంలోనైనా పశ్చాత్తాపం లేదు.

సెమినార్ నిజంగానే ఉంది. లేకపోతే మాత్రం వచ్చేదాన్నో లేదో తెలియదు. కంపెనీ జీపులో మన సందులోకి రావడం ఎలాగో అనిపించింది. ఎందుకని అడగకు.

మా చెయ్యి గురించి చెబుతాను. బల్లకు బిగించి ఉంటుంది. భుజం, మోచెయ్యి, మణికట్టు, చివర రెండు వేళ్లు. కీలుకొక మోటారు. చెయ్యి ఎక్కడ ఉండాలో కంప్యూటర్‌కు తెలుసు, ఎక్కడ ఉందో కూడా తెలుస్తుంది. ఆ రెంటి తేడా చూసి సరిదిద్దుతూ ఉండాలి. ఎంత సరిదిద్దాలి, ఎంత త్వరగా సరిదిద్దాలి అన్నదే నా చదువంతా. తొందరపెడితే చెయ్యి దాటిపోతుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ అటు దాటుతుంది. అలా వణుకుతూనే ఉంటుంది. నిదానిస్తే ఈలోపు పోగు జారిపోతుంది. పొద్దున్నుంచీ దాన్ని చూసి చూసి నాకూ అదే పట్టుకుంది. ఒకచోట కూర్చోలేను. చదువుతూ లేస్తాను, లేచి ఎందుకు లేచానో మరిచిపోయి వరండా చివరిదాకా నడిచి వస్తాను.

మా గైడు సార్ మంచివాడే. మనుషుల చేతుల కదలిక చూసి మరచేతికి నేర్పాలన్నది ఆయన ఆలోచన. అందుకే మీ వీడియో. కంపెనీ నాకు ఫీజు, స్టైపెండు ఇస్తోంది, చదువయ్యాక ఉద్యోగం కూడా ఇస్తానంది. చెయ్యి వాళ్లు కోరినట్టు పనిచేస్తేనే అవన్నీ.

వీడియో చూశాను. ముఖాలు తీయలేదు, చేతులే తీశారు. అయినా నీ చేతులు గుర్తుపట్టాను. ఎడమ బొటనవేలి మీద ఆ పాత కాలిన మచ్చ. పక్కన సార్ ఉన్నారు కాబట్టి ఏడవలేదు.

గంగమ్మ అత్తకు నువ్వు చెప్పిన దాని గురించి ఇంకోసారి వివరంగా రాస్తాను. ఇప్పుడు పని చాలా ఉంది.

ఒక్క మాట. ఆ రోజు అందరూ చేతులు కడుక్కున్నారా? గంగమ్మ అత్త కూడానా? ఊరికే అడిగాను.

నీ
యమున


భవాని పేట్, సోలాపూర్
20 నవంబరు 1992

యమునా,

వివరంగా రాస్తానన్నావు. ఆ ఉత్తరం రాలేదు, దీపావళి వచ్చి పోయింది. నువ్వు రెండు కార్డులు రాశావు, రెండింటిలోనూ పుణెలో చలి ఎంత ఉందో రాశావు. చలి సంగతి నాకెందుకు?

గంగమ్మ అత్త కూడా చేతులు కడుక్కుంది. అందరూ కడుక్కున్నారు. ఆ మాట అప్పుడే చెప్పాను.

ఇప్పుడు నేను అడిగేదానికి సూటిగా జవాబు రాయి. మొన్న మీ అన్న నూలు తేవడానికి, మనకు పని ఇచ్చే మాలక్ దగ్గరికి పోయాడు. మాలక్ అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. “రాజారాం, ఇంకొక సాల్ ఆగు. పోగులతికే మిషిన్ పుణెలకెళ్లి వస్తున్నది. చిన్నదేనట. గీ ఆడోళ్లను పిలుసుడు, చాయ పోసుడు, వాళ్ల కిరికిరి అంత బంద్ అయితది.” పుణెలో ఎక్కడని మీ అన్న అడిగితే, నీకు చదువు చెప్పిస్తున్న కంపెనీ పేరే చెప్పాడు.

మీ అన్న ఇంటికి వచ్చి అన్నం తినలేదు. “మనదాని చెయ్యి గాదేమో, వేరేదేమో” అని నేనే ఆయనకు సర్దిచెప్పాను. సర్దిచెబుతూ ఉండగానే నాకే ఆ మాట మీద నమ్మకం పోయింది. పోగులతికే చేతుల వీడియో, పోగులతికే మిషను. ఇందులో తెలియనిది ఏముంది? ఏడో తరగతి చదివినదానికి కూడా అర్థమవుతుంది.

ఈ పేటలో పోగులు అతికే ఆడవాళ్లకు మరో పని రాదు. బీడీలు చుట్టే వయసు దాటిన వేళ్లు సగం మందివి. సుశీలకైతే మొగుడు పోయాక ఈ పని ఒక్కటే ఆధారం. వాళ్లను ఆ లైట్ల ముందు కూర్చోబెట్టింది నేను. నా మాట మీద కూర్చున్నారు.

అది నీ చెయ్యేనా?

నీ జవాబు వచ్చేదాకా ఎవ్వరితోనూ ఈ మాట అనను. మీ అన్న నోట్లో మాట ఎన్నాళ్లు ఆగుతుందో నీకు తెలుసు. త్వరగా రాయి.

బాలమణి వదిన


రీసెర్చ్ హాస్టల్, పుణె
2 డిసెంబరు 1992

వదినా,

అవును. నా చెయ్యే.

బయట ఎవరికీ చెప్పనని కంపెనీకి సంతకం చేసి ఇచ్చాను. ఇంట్లోవాళ్లు బయటివాళ్లా అని అడుగుతావు. కంపెనీ లెక్కలో బయటివాళ్లే. ఇప్పుడు ఈ ఉత్తరం రాసి ఆ సంతకం తప్పాను. సంతోషమా?

చేతుల్లేనివాళ్ల కోసమని నేను ఎప్పుడూ చెప్పలేదు. అది నువ్వు అనుకున్నావు. కాదని నేను రాయలేదు, అంతవరకు నాది తప్పే. కానీ మిగతాదంతా నా మీద వేయకు. పెద్ద మిల్లుల్లో విదేశీ మిషన్లు ఎప్పటినుంచో పోగులు ముడివేస్తున్నాయి. అంత ఖరీదువి మన పేటలోకి రాలేవు కాబట్టి చిన్నది, చౌకది చేయాలని వీళ్లు అనుకున్నారు. నేను కాదంటే ఇంకొకరు చేస్తారు. సోలాపూరు ముఖం చూడనివాడు చేస్తాడు. అప్పుడు నీకు బాగుంటుందా?

ఇంకో మాట కూడా అడగనీ. ఆ పని అంత మంచిదైతే నన్నెందుకు కూర్చోబెట్టలేదు? బూడిద పళ్లెం పట్టుకుని నీ పక్కన కూర్చుంటే సరే, పోగు ముట్టుకుంటే మాత్రం చేతి మీద కొట్టేదానివి. “పో, లెక్కలు జేస్కో పో” అనేదానివి. గంగమ్మ అత్త మెడ వంగిపోయి మళ్లీ నిటారుగా నిలవలేదు. ఆ పని నా దాకా రాకూడదని నువ్వే అనుకున్నావు. నేను లెక్కలు చేసుకున్నాను వదినా. ఆ లెక్కలే ఇవి.

నాకు కోపంగా ఉంది. నీ మీదనో, మరెవరి మీదనో తెలియడం లేదు. మళ్లీ చదివితే ఈ ఉత్తరం చింపేస్తాను కాబట్టి చదవకుండా పంపుతున్నాను.

యమున


భవాని పేట్, సోలాపూర్
11 జనవరి 1993

యమునగారికి,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం.

విషయం మన వాడాలో ఉన్న అందరికీ నేనే చెప్పాను. వేరేవాళ్ల నోట వినేకంటే నా నోట వినడం మేలని గడపగడపకూ పోయి చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. గంగమ్మ అత్త మన ఇంట్లో చాయ తాగడం మానేసింది. పడుగు వచ్చిందని కబురు చేస్తే వస్తుంది, పని చేస్తుంది, పోతుంది.

మీ అన్న మీకు స్వెటర్ పంపమన్నాడు. పంపాను.

బాలమణి


రీసెర్చ్ హాస్టల్, పుణె
18 మే 1993

వదినా,

స్వెటర్ అందిందని అన్నకు రాశాను. నీకు రాయలేకపోయాను. ఎండాకాలం వచ్చేసింది, స్వెటర్ ఇంకా నా మంచం మీదే ఉంది. మడతపెట్టి లోపల పెట్టబుద్ధి కాదు.

నన్ను గారు అనకు. ఏమైనా అను, గారు అనకు. అమ్మ పోయినప్పుడు నేను నాలుగో తరగతి. ఆ రోజు నుంచి నన్ను తిట్టినదానివి నువ్వొక్కతివే. తిట్టేవాళ్లు లేకపోతే నాకు తోచడం లేదు.

చెయ్యి పనిచేయడం లేదు. పోగును పట్టుకుంటుంది, మెలిపెడుతుంది, వదలగానే మెలిక విడిపోతుంది. వీడియోలో మీ వేళ్లు మెలిమీద మెలి పెట్టాయని మేమూ అలాగే పెట్టించాం. అప్పుడు పోగు తెగుతోంది. తెగకుండా మెత్తగా పట్టమంటే వేళ్ల మధ్య జారుతోంది. జారుతుందని బిగిస్తే వణుకు మొదలు. దాదాపు ఏడాదిగా ఇదే. సార్ ఏమీ అనరు. ఆయన ఏమీ అననప్పుడే నాకు భయం.

కంపెనీ సాహెబ్ గడువు పెట్టాడు. అక్టోబరులో వాళ్ల ముందు ఒక పడుగు మొత్తం అతికి చూపించాలి. లేకపోతే స్టైపెండు ఆగిపోతుంది, ఉద్యోగం లేదు, థీసిస్ ఇవ్వడానికి వాళ్లు అనుమతి ఇస్తారో ఇవ్వరో కూడా తెలియదు. ఇన్నేళ్ల చదువు గాలికి పోతుంది.

నీతో నిజం చెబుతాను. పొద్దున ల్యాబ్ తాళం తీసేటప్పుడు ఇవాళైనా అతకాలి దేవుడా అనుకుంటాను. సాయంత్రం తాళం వేసేటప్పుడు, ఇవాళ అతకలేదు కదా అని ఊపిరి పీల్చుకుంటాను. ఇంత తిక్క మనిషిని ఎక్కడైనా చూశావా? తోటివాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు, అన్నం పళ్లెం పట్టుకుని కూడా నడుస్తూనే తింటానని.

నువ్వు నన్ను క్షమించాలని రాయడం లేదు. ఎవరికైనా చెప్పుకోవాలి, నాకు ఇంకెవరూ లేరు.

యమున


భవాని పేట్, సోలాపూర్
5 ఆగస్టు 1993

పిల్లా,

గారు తీసేశాను. కోపం మాత్రం ఇంకా ఉంచుకున్నాను, అది నాది.

నీ ఉత్తరం చదివిన రోజే నాకు తెలిసిపోయింది నీ చెయ్యి ఎందుకు అతకడం లేదో. నా సబ్బు వల్ల. ఆ రోజు నేను బూడిద పళ్లెం దాచకపోతే ఒక్క మెలికతో పోగు నిలిచేది, వీడియోలో అదే పడేది, నీ చెయ్యి అదే నేర్చుకునేది. పెద్దమనుషుల ముందు మర్యాద అనుకుని నీ చదువు మీద నేనే నీళ్లు పోశాను.

తెలిసీ ఇన్నాళ్లు రాయలేదు. రాస్తే నీకు పట్టా వస్తుంది, సుశీల పొయ్యి ఆరిపోతుంది. రాయకపోతే నా చేతుల్లో పెరిగిన పిల్ల చదువు నా వల్ల పోయిందని జీవితాంతం మోయాలి. కాగితం తీస్తాను, పెట్టేస్తాను. బియ్యం ఏరుతూ ఏరుతూ రాళ్లన్నీ మళ్లీ బియ్యంలోనే వేసిన రోజు కూడా ఉంది. మీ అన్న “నీకేమన్న దయ్యం బట్టిందా?” అన్నాడు.

మొన్న రాఖీ పున్నమికి మన కులదైవం మార్కండేయుని రథం తీశారు కదా. ఊరేగింపులో బండి మీద నడిపే మగ్గానికి పడుగు ఎప్పటిలాగే మన ఆడవాళ్లే అతకాలి. అందరం కూర్చున్నాం. గంగమ్మ అత్త నా వైపు చూడకుండానే “బూడిద ఇటియ్యి” అంది. ఏడు నెలల తరువాత పనికి మించి ఆమె నాతో మాట్లాడడం అదే మొదలు. పళ్లెం అందించబోయి, నాకు ఏడుపు ఆగలేదు. అక్కడికక్కడే అంతా చెప్పేశాను. సబ్బు, వీడియో, నీ చెయ్యి, గడువు, అన్నీ.

ముందు అందరూ నవ్వారు. గంగమ్మ అత్త అయితే కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. “అంత పెద్ద కంపెనీ మన కడిగిన చేతులు జూసి సంవత్సరం సంది తిప్పలు వడ్తున్నదా?” అంది. తరువాత ఎవరూ నవ్వలేదు. సుశీల తల ఎత్తకుండా “మంచిగైంది, గట్లనే ఉండనీ” అంది.  కాదనడానికి నాకు నోరెక్కడిది?

పోగు మెలిపెడుతూ గంగమ్మ అత్త అంది. “మన సబ్బు వల్ల ఆడివిల్ల సదువు ఆగుడేంది? మనకే బద్నాం. మల్ల రమ్మను కెమెరా వట్టుకొని. బూడిదతోనే జేద్దాం. గని ఒక్కటి. యమున గూడ వచ్చి మన పక్కన కూసోవాలె. కెమెరాల ఆమె చేతులు గూడ పడాలె. రేపు గీ పని పోతే, పోగొట్టిన చేతులల్ల ఆమెవి గూడ ఉండాలె.”

సుశీల లేచి వెళ్లిపోయింది. సాయంత్రం తిరిగి వచ్చి, “నేను గూడ కూసుంట, రాయి” అని చెప్పి పోయింది. అందరూ ఒప్పుకున్నారు. రాయమన్నారు, రాస్తున్నాను.

నాకేం కావాలో అడగకు. రెండూ కావాలి. నీ పట్టా కావాలి, వీళ్ల పనీ కావాలి. రెండూ కావాలనే దాని మాట ఎవరు వింటారు?

వస్తావా?

వదిన


రీసెర్చ్ హాస్టల్, పుణె
24 అక్టోబరు 1993

వదినా,

పోయిన నెలాఖరు భూకంపంలో అందరూ క్షేమమని అన్న రాసిన కార్డు చూసి బతికాను. వెనక గోడ బీటలు తీసిందట. నేను ఆనుకుని లెక్కలు చేసుకున్న గోడ, జాగ్రత్తగా చూసుకోండి.

నీ ఉత్తరానికి ఇంతకాలం జవాబు రాయలేదు. ఇప్పుడు మొత్తం రాస్తాను, కూర్చుని చదువు.

బూడిద సంగతి నాకు తెలుసు. ఇప్పుడు కాదు, మొదటి నుంచీ. పళ్లెం నువ్వే దాచావని నీ మొదటి ఉత్తరంలోనే రాశావు. రాయకపోయినా వీడియో చూడగానే తెలిసేది. ఎన్నేళ్లు నీ పక్కన ఆ పళ్లెం పట్టుకుని కూర్చున్నాను? అందుకే అడిగాను అందరూ చేతులు కడుక్కున్నారా అని. కడుక్కున్నారని రాశావు. ఆ ఉత్తరం పెట్టెలో పెట్టి ల్యాబ్‌కు వెళ్లాను. సార్‌తో ఏమీ అనలేదు.

నేనేదో త్యాగం చేశానని వాడాలో చెప్పకు. అంత మంచిదాన్ని కాదు. చెప్పాలో వద్దో తేల్చుకోలేకపోయాను, అంతే. ప్రతి సోమవారం మీటింగుకు చెప్పేద్దామనే వెళ్లేదాన్ని. నోటిదాకా వచ్చేది. మీ చేతులు తెర మీద కదులుతూ ఉండేవి. రేపు చెబుదాంలే అని వచ్చేసేదాన్ని. నీకు రాళ్లూ బియ్యమూ కలిసిపోయినట్టే నాకు ఏడాదంతా గడిచింది. ఒకే సంగతిని అక్కడ నువ్వు, ఇక్కడ నేను, ఒకరికి తెలియకుండా ఒకరం దాచిపెట్టుకుని కూర్చున్నాం చూడు.

మొన్న బుధవారం కంపెనీలో ప్రదర్శన జరిగింది. పెద్ద హాలు, బల్ల చుట్టూ కోట్లు వేసుకున్నవాళ్లు. చెయ్యి కొన్ని పోగులు అతికింది, కొన్ని తెంపింది, తరువాత వణుకుతూ ఆగిపోయింది. సాహెబ్ మీ వీడియో పెట్టించాడు. చూసి, నా వైపు తిరిగి సూటిగా అడిగాడు. “మీది ఆ ఊరే కదా. రోజూ వాళ్లు చేసేది ఇలాగేనా? ఇంకేదైనా పద్ధతి ఉందా?”

నీ ఉత్తరం నా సంచిలో ఉంది. కెమెరా తీసుకుని రమ్మన్న ఉత్తరం. మీరందరూ ఒప్పుకున్నారు. సుశీల కూడా ఒప్పుకుంది. ఒక్క మాట అంటే చాలు, పట్టా, ఉద్యోగం అన్నీ నావి. కానీ మీరు తినే పళ్లెం నా ముందుకు జరిపితే, ఆకలిగా ఉందని తినేస్తానా వదినా?

“వీడియోలో ఉన్నవి వాళ్ల చేతులే సార్” అన్నాను.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. నన్ను నమ్మి డబ్బు పెట్టినవాళ్లు అడిగితే దాటవేశాను. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది, గుచ్చనీ.

సాహెబ్ రిపోర్టు రాశాడు. సోలాపూరు ఆడవాళ్ల చేతిపద్ధతి చాలా నిదానమైనది, యంత్రానికి పనికిరాదు అని. పని మూసేశారు. ఈ నెలతో స్టైపెండు ఆఖరు, ఉద్యోగం మాట లేదు. అన్నకు నెమ్మదిగా చెప్పు, “మా చెల్లె కంపెనీ” అని చెప్పుకోవడానికి ఇక లేదు. మీ వీడియో క్యాసెట్ల సంగతి అడిగితే, “అవి మాకెందుకు, నువ్వే ఉంచుకో. థీసిస్ రాసుకుంటే రాసుకో” అని కాగితం మీద రాసిచ్చారు.

తిరిగి వచ్చే దారిలో మా గైడు సార్‌కు మొత్తం చెప్పాను. తిడతారనుకున్నాను. బస్సు కిటికీలోంచి చూస్తూ అన్నారు. “బూడిద ఉంటే పోగు జారదు. జారకపోతే అందులో పరిశోధనేముంది? బూడిద లేని వేళ్ల మధ్య జారుతున్న పోగును జారుతుండగానే పట్టుకోవడం ఎలా? ఏడాదిగా నువ్వు కొట్టుకుంటున్నది దానితోనే. అది రాయి.” పట్టా వస్తుందో రాదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మొదటి ఏడాది పిల్లలకు లెక్కలు చెబుతూ హాస్టల్ ఖర్చు వెళ్లదీసుకుంటాను. నువ్వు దాచిన పళ్లెం వల్ల పోయిన చదువు ఏమీ లేదు, మిగిలిన చదువంతా దాని వల్లే.

ఇంకో మిషన్ ఎప్పుడో వస్తుంది. ఇంకో ఊరి నుంచి, ఇంకో పేరుతో. దాన్ని ఆపడం నా వల్ల కాదు. నా చేతి మీదుగా మాత్రం రాదు.

వచ్చే నెల మొదటి ఆదివారం సర్కారు ఎస్టీ బస్సులో వస్తున్నాను. కెమెరా లేదు. ఒక్కదాన్నే. గంగమ్మ అత్త రానిస్తుందా?

యమున


భవాని పేట్, సోలాపూర్
29 అక్టోబరు 1993

యమునా,

నీ ఉత్తరం మగ్గం దగ్గర అందరికీ గట్టిగా చదివి వినిపించాను. రెండుచోట్ల కాగితం మీ అన్న చేతికి ఇచ్చాను, అక్కడ ఆయన అందుకుని చదివాడు. ఉద్యోగం పోయిన చోటు ఆయన రెండుసార్లు చదివాడు.  తరువాత బయటికి పోయి, సందు చివరి దుకాణం నుంచి పావుకిలో శెనగపప్పు పట్టుకొచ్చాడు. పోలెలకట.

సుశీల ఏడ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ పోగు అందుకుంది.

గంగమ్మ అత్తకు మాత్రం నీ మీద మండిపోతోంది. పని మిగిలినందుకు కాదులే. “నా చెయ్యి నిదానమని కాయితం మీద రాసిండ్రా? ఎవడు వాడు? మా చెయ్యి ఎంత జల్దీ నడుస్తదో వానికేమెరుక? యమున నోరు మూస్కొని ఎట్ల కూసున్నది?” అని వాడా మొత్తం వినేటట్టు అరిచింది. నోరు మూసుకుని కూర్చుంది కాబట్టే మనకు పని ఉందని నేను నచ్చజెప్పాను. అది ఆమెకు అర్థమైంది. అయినా అరుస్తూనే ఉంది. అరిచి అరిచి గొంతు ఎండితే, మన ఇంట్లో చాయ అడిగి తాగింది. రెండు కప్పులు.

ఆమె షరతు అలాగే ఉందట. కెమెరా లేకపోయినా సరే, నువ్వు వచ్చి పక్కన కూర్చోవలసిందే. కొత్త పడుగు ఆ ఆదివారానికే ఆపి ఉంచమంది. నువ్వు పోగు ముట్టుకుంటే ఈసారి నేను కొట్టను. సగం పోగులు నువ్వు తెంపుతావని అందరికీ ముందే చెప్పి ఉంచాను.

బస్సు దిగి నేరుగా ఇంటికి రా. సందు మొదట్లో కుళాయి దగ్గర ఆగి కాళ్లూ చేతులూ కడుక్కోవడం నీకు చిన్నప్పటి అలవాటు. కాళ్లు కడుక్కో. చేతులు వద్దు. బూడిద పళ్లెం మగ్గం ముందే పెట్టి ఉంటుంది. పరాయివాళ్లు వచ్చినప్పుడే మేము దాన్ని దాచేది.

వదిన